మంచుమీది బాలింతలు

నేను దక్షిణ ధ్రువఖండమున నాలుగు నెలలు గడపి వచ్చితినని తెలిసినవారందరు నన్ను అడుగు ప్రశ్నలు ఇంచుమించు ఒక్కటియే. "అక్కడ చలి ఎట్లుండును? పెంగ్విను పక్షులను చూచితివా?" అని అడుగుదురు. చలి సంగతి చెప్పుట సులభము. పెంగ్వినులను చూచిన మాటయు నిజమే. కాని నా మనస్సున నిలిచిపోయినది వేరు. మంచుగడ్డపై బిడ్డను పెట్టుకొని పడుకొన్న జంతువొకటి. దానికి కొంత దూరమున మోకాళ్లపై కూర్చుండి దాని మంచిచెడ్డలను పుస్తకమున వ్రాసికొనుచున్న మనుష్యులు కొందరు. ఆ పుస్తకములోని లెక్కలలో స్త్రీలమైన మనము తెలిసికొనదగిన విషయమొకటి కలదు. దానిని చెప్పుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

నేను శాస్త్రము చదివినదానను కాను. వంట నా వృత్తి. మా సంసారము అమెరికా చేరిన పిమ్మట అక్కడ ఒక కళాశాల భోజనశాలలో చాల యేండ్లు పని చేసితిని. పిల్లలు పెద్దవారై ఎవరి యిండ్లకు వారు వెళ్లినారు. ఆ దినములలో, మెక్‌మర్డో అను ధ్రువకేంద్రమున వేసవికాలపు వంటపనికి మనుష్యులు కావలెనని విని దరఖాస్తు పంపితిని. పండ్లు, గుండె, రక్తము, ఎముకలు అన్నియు పరీక్షించిన మీదటనే నన్ను పోనిచ్చిరి. చుట్టములు కొందరు ముక్కుమీద వేలు వేసికొనిరి. ఈ వయస్సున ఆడుది ఒంటరిగా అంత దూరము పోవుటయా అనిరి. కాని ఆ త్రోవను నాకంటె ముందు నడచినవారున్నారు. అమెరికా వారు 1969 వరకు పరిశోధనకై స్త్రీలను ఆ ఖండమునకు పంపలేదు; ఆ యేట లోయిస్ జోన్స్ అను విదుషి మరి ముగ్గురు స్త్రీలతో కూడి వెళ్లి ఆ తలుపు తెరచినది. మన దేశమునుండి 1983లో బయలుదేరిన మూడవ యాత్రలో సుదీప్తా సేన్‌గుప్తా, అదితి పంత్ అను ఇరువురు శాస్త్రజ్ఞురాండ్రు వెళ్లి వచ్చిరి. వారు చేసినది గొప్ప పని. నేను పోయినది గరిటె త్రిప్పుటకు. అయినను త్రోవ ఒక్కటియే కదా!

న్యూజిలాండులోని క్రైస్ట్‌చర్చ్ నగరమునుండి సైనిక విమానమున అయిదు గంటల ప్రయాణము. దిగినచోట నేల కానరాదు, అంతయు మంచే. మెక్‌మర్డో కేంద్రము రాస్ ద్వీపపు కొనయందున్నది. దాని వెనుక ఎరెబస్ అను అగ్నిపర్వతము 3,794 మీటర్ల యెత్తున నిలిచి, ఎల్లప్పుడు తలపై సన్నని పొగను విడుచుచుండును. మనకు శరదృతువైన అక్టోబరు అక్కడ వసంతము. నెల ముగియునప్పటికి సూర్యుడు అస్తమించుట మాని, రేయింబవళ్లు ఆకాశమున చుట్టు తిరుగుచుండును. అర్ధరాత్రి పిండి కలుపుచు కిటికీలోనుండి ఎండను చూచుట మొదట నాకు వింతగా నుండెను. కొన్నాళ్లకు అలవాటయినది.

సీలు అను సముద్రజంతువును పరిశోధించు జట్టువారు గడ్డకట్టిన సముద్రముమీదనే గుడిసెలు వేసికొని యుందురు. వారిలో ఒక యువతి రొట్టెలు, వెన్న, పప్పులు తీసికొనిపోవుటకు మా వంటశాలకు వచ్చుచుండెడిది. నేను తాలింపు పెట్టిన కందిపప్పు ఆమెకు మిక్కిలి నచ్చెను. రెండుమూడు పర్యాయములు మాటలాడిన పిమ్మట, "మీకు సెలవు దొరకిన దినమున మాతో రండు. సంఖ్యలు వ్రాయుటకు మాకొక మనిషి కావలెను. మీ అక్షరములు చక్కగా నున్నవి" అనెను. గిన్నెలమీద అంటించు చీటీలపై నా వ్రాతను ఆమె చూచినది కాబోలు! పై అధికారుల అనుమతి పొంది ఒక సెలవు దినమున నేను వారితో బయలుదేరితిని.

మంచుపై నడచు మోటారు బండిమీద సముద్రముమీదుగా పోయితిమి. మా కాళ్లక్రింద రెండు మీటర్ల దళసరి మంచు. దానిక్రింద వందల మీటర్ల లోతు నీరు. ఎరెబస్ అఖాతమున చిన్నచిన్న దీవులు కలవు. సముద్రపు పోటుపాటులచేత మంచు లేచుచు పడుచు నుండుటవలన ఆ దీవుల ప్రక్కన మంచులో పగుళ్లు ఏర్పడును. ఆ పగుళ్లలోనుండియే సీళ్లు పైకి వచ్చి పిల్లలను ఈనును. దూరమునుండి చూచితే ఎవరో పరుపులను చుట్టి అక్కడక్కడ పడవేసినట్లుండెను. దగ్గరకు పోగా ఆ చుట్టలకు కన్నులు, మీసములు కనబడినవి. మూడు మీటర్ల నిడివి, నాలుగైదు వందల కిలోల బరువు. అంత శరీరమునకు మొగము మాత్రము పిల్లి మొగమంత శాంతముగా నుండును. మమ్ము చూచి పారిపోలేదు. ఉత్తరధ్రువమున వలె ఇక్కడ తెల్ల ఎలుగుబంట్లు లేవు గనుక, మంచుపై తిరుగు ప్రాణికి భయపడుట ఈ సీళ్లకు తెలియదట.

ఆ భయము లేకుండుటయే ఒకప్పుడు వానికి చేటయినది. ఈ జాతికి వెడ్డెల్ సీలు అని పేరు. జేమ్స్ వెడ్డెల్ 1820లలో దక్షిణ సముద్రములలో తిరిగిన బ్రిటిషు నావికుడు; ఆయన వచ్చినది సీళ్ల తోళ్ల వేటకే. తరువాతి కాలమున స్కాట్, షాకిల్టన్ మొదలగు యాత్రికుల జట్లు ఈ ద్వీపముపైననే ఇండ్లు కట్టుకొని, సీలు మాంసము తిని, దాని క్రొవ్వును పొయ్యిలలో కాల్చి బ్రతికిరి. ఆ పిదపను బండ్లు లాగు కుక్కల ఆహారమునకై 1980ల వరకు ఇక్కడ సీళ్లను చంపుచునే యుండిరి. దక్షిణ ధ్రువప్రాంతపు సీళ్ల రక్షణకై 1972లో దేశములు ఒక ఒడంబడిక చేసికొన్నవి. ఆ ఖండమున కుక్కలుండరాదని 1991లో మరియొక ఒడంబడిక నిర్ణయింపగా 1994 నాటికి కుక్కలన్నియు వెడలిపోయినవి. కత్తితో వచ్చిన మనిషి ఇప్పుడు త్రాసుతో, పుస్తకముతో వచ్చుచున్నాడు. ఈ మార్పు చిన్నది కాదు.

ఆ పుస్తకము సంగతి వినుడు. 1968లో డొనాల్డ్ సినిఫ్ అను శాస్త్రజ్ఞుడు ఈ అఖాతమున సీళ్లకు గుర్తులు వేయుట ప్రారంభించెను. ఆయన తరువాత మొంటానా రాష్ట్ర విశ్వవిద్యాలయము వారు ఆ పనిని చేపట్టిరి. ఏటేట పుట్టిన ప్రతి పిల్లకును వెనుక రెక్కల చర్మమునకు సంఖ్య గల చిన్న బిళ్లలను తగిలింతురు. మన యిండ్లలో ఆవుదూడల చెవులకు వేయు బిళ్లలవంటివే. తరువాత ఏటేట వచ్చి, ఏ సంఖ్యగల సీలు బ్రతికియున్నది, ఎవతె ఈనినది, ఎవతె ఈ యేడు ఊరకున్నది అని వ్రాసికొందురు. ఇట్లు ఇప్పటికి ఇరువది వేలకు పైగా సీళ్ల చరిత్ర కూడినది. తల్లి యెవరు, అమ్మమ్మ యెవరు, ఏ యేట ఎన్నవ కాన్పు అనునవి అన్నియు అందు కలవు. మన పెద్దలు తాటాకులపై పురుళ్ల తేదీలు వ్రాసి దూలమున దోపినట్లే! ఒక్కరి జీవితకాలము చాలని పని అది. ఒకరు మొదలుపెట్టినదానిని, ఆ కాలమున పుట్టనైన పుట్టనివారు ఇప్పుడు కొనసాగించుచున్నారు.

నాకు పెన్సిలు ఇచ్చిరి. ఆ చలిలో సిరా గడ్డకట్టును. ఇరువురు మెల్లగా వంగి నడచి ఒక పిల్లను సమీపించిరి. ఒకరు తల్లి చూపును తమవైపునకు మరల్చుచుండగా మరియొకరు పిల్లను సంచిలోనికి తీసి తూచి, బిళ్ల వేసి, సంఖ్య కేకవేసి చెప్పిరి. నేను వ్రాసితిని. పిల్ల లేగదూడవలె అరచెను. తల్లి నోరు తెరచి గర్జించినది. నా గుండె జల్లుమనెను. అయిదు నిమిషములలో పిల్ల మరల తల్లి ప్రక్కకు చేరినది. తల్లి దానిని మూతితో వాసన చూచి, ప్రక్కకు ఒరిగి పాలిచ్చినది. అంతవరకు మేమందరము దూరమున కదలక నిలిచియుంటిమి.

పచ్చి బాలింతను ఇట్లు కలతపెట్టుట న్యాయమా అని నేను ఆ యువతిని అడిగితిని. ఆమె నొచ్చుకొనలేదు. "మేమును ప్రతి యేడు ఈ ప్రశ్న వేసికొందుము. అనుమతిపత్రము లేనిదే ఎవరును వీనిని ముట్టరాదు. ముట్టిన ప్రతి నిమిషమునకు మేము లెక్క చెప్పవలెను. ఆ కలతకు తగిన ఫలము రాకున్నచో మేమిక్కడ ఉండరాదు" అనెను. ఆ మాట నాకు సరిగానే తోచెను. మరి ఆ ఫలము ఏమి?

సీలు పిల్ల పుట్టినప్పుడు ఇంచుమించు ముప్పది కిలోలుండును. ఒడలినిండ మెత్తని నూగు. కాని చర్మము క్రింద క్రొవ్వు లేదు. ఆ మంచులో అది బ్రతుకుట తల్లి పాలమీదనే ఆధారపడియున్నది. ఆ పాలు మన యెనుము పాలవంటివి కావు. సగమునకు దగ్గరగా వెన్నయే. ఆరేడు వారములు పాలు త్రాగి పిల్ల నూరు కిలోల వరకు పెరుగును. ఆ దినములలో తల్లి తినునది బహు స్వల్పము. మొదటి దినములలో పిల్లను విడిచి నీటిలోనికి పోవుటయే అరుదు. పిల్లకు పెరిగిన బరువంతయు తల్లి మేనినుండి తరిగినదే. పాలు విడుచు నాటికి తల్లి తన బరువులో మూడవవంతు, ఒక్కొక్కప్పుడు అంతకంటె ఎక్కువ, కోల్పోవును. నవంబరు మొదట నేను చూచిన గుండ్రని తల్లులను నెల గడచిన పిమ్మట మరల చూచితిని. మెడ సన్నబడి, వీపున చర్మము ముడతలు పడి, గుర్తుపట్టుటకు వీలులేక యుండిరి. ప్రక్కన పిల్లలు మాత్రము కుండలవలె ఉండిరి.

బరువు తగ్గుట కంటికి కనబడును. కంటికి కనబడని తరుగు మరియొకటి కలదు. దానిని చెప్పవలెనన్న ముందు ఈ సీలు ఊపిరిని గురించి చెప్పవలెను.

వెడ్డెల్ సీలు ఒక్క ఊపిరితో ఆరువందల మీటర్లకు పైగా లోతునకు మునుగగలదు. గంటకు పైగా నీటిక్రింద ఉండగలదు. దీనిని మొదట కొలిచినవాడు జెరాల్డ్ కూయ్‌మన్. 1960లలో ఆయన ఈ ప్రాంతముననే మంచుకు రంధ్రము తొలిచి, అందు సీలును విడిచి, దాని వీపున ఒక చిన్న యంత్రమును కట్టి మునుకల లోతును, కాలమును వ్రాయించెను. ఆ యంత్రములో కాలము తెలుపుటకు ఆయన వాడినది ఏమనుకొన్నారు? వంటింటిలో గుడ్డు ఉడుకుటకు గంట కొట్టు చిన్న గడియారము! అది విని నేను మా వంటశాలలోని గడియారమును అంతకు ముందులేని గౌరవముతో చూచితిని.

మనవలె ఈ సీలు ఊపిరిని రొమ్ములో దాచుకొనదు. రక్తమునందును, కండలయందును దాచుకొనును. దాని దేహమున రక్తము మనకంటె ఎంతో అధికము. కండలు నల్లబడునంత ఎరుపు. ఆ ఎరుపునకు మూలము ఇనుము. ప్రాణవాయువును పట్టి నిలుపునది ఆ ఇనుమే. పుట్టిన పిల్లకు ఈ నిల్వ చాలదు. అది రెండు మూడు వారములలో ఈత నేర్చి, రెండు నెలలు నిండకమునుపే ఒంటరిగా మునిగి ఆహారము తెచ్చుకొనవలెను. దానికి ఇనుము ఎక్కడనుండి వచ్చును?

తల్లి పాలనుండి వచ్చును. మిషెల్ షెరో అను శాస్త్రజ్ఞురాలును ఆమె తోడివారును 2022లో ఈ సంగతిని ప్రకటించిరి. ఈ సీలు పాలలో ఇనుము నేలమీది జంతువుల పాలకంటె నూరు రెట్ల వరకు ఉండునట. తల్లి ఆ ఇనుమును తన దేహమందలి నిల్వలనుండియే తీసి ఇచ్చుచున్నది. ఇచ్చిన ఫలితమేమనగా, పిల్ల పాలు విడిచిన పిమ్మట తల్లి మరల వేటకు మునిగినప్పుడు ఆమె ఊపిరి మునుపటివలె నిలువదు. ఆ యేట ఈనని సీళ్లకంటె ఆమె మునుకలు పొట్టివగుచున్నవి. ఆకలితో చిక్కి, పోయిన బరువు తిరిగి కూర్చుకొనవలసిన సమయముననే ఆమె ఊపిరి కురచ యగుచున్నది! బిడ్డకు ఇచ్చినది పాలు మాత్రమే కాదు. తన ఊపిరిలో భాగము.

ఇది విన్నప్పుడు నాకు మా అమ్మ జ్ఞప్తికి వచ్చినది. ఆమె కృష్ణా జిల్లాలో ఒక పల్లెటూరిలో ఆరుగురు బిడ్డలను కని పెంచినది. నీళ్ల బిందెతో చెరువు మెట్లు ఎక్కునప్పుడు మూడవ మెట్టున నిలిచిపోయి, బిందెను నడుమున అదిమిపట్టుకొని ఆయాసపడెడిది. కనురెప్పల లోపల తెల్లగా పాలిపోయియుండెడిది. "కాన్పుల బలహీనతమ్మా, అదే పోవును" అని ఇరుగుపొరుగువారు అనెడివారు. ఆమెయు అట్లే అనుకొన్నది. బిడ్డ ఒళ్లు చేసినదా అని అందరు ఎత్తుకొని చూచిరి. తల్లి రెప్పను ఎత్తి చూచినవారు లేరు.

మనుష్యస్త్రీకిని సీలునకును భేదము కలదు, దానిని మరువరాదు. మన పాలలో ఇనుము స్వల్పమే. మనకు ఇనుము తరుగుట గర్భమున బిడ్డకు ఇచ్చుటచేతను, ప్రసవమున రక్తము పోవుటచేతను. ఒక్కొక్క కాన్పునకు తల్లికి కావలసిన ఇనుము ఇంచుమించు ఒక గ్రాము అని వైద్యులు చెప్పుదురు. గ్రాము అనగా చిటికెడు కాదా అనుకొనవచ్చును. కాని ఆ చిటికెడు లేకనే మెట్లు కొండలగును. 2019–21లో మన దేశమున జరిగిన కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తము చాలదని తేలినది. మా అమ్మ కాలము గడచిపోయినదని అనుకొనుటకు వీలులేదు.

ఇంకొక సంగతి. ఆ పుస్తకములో కొందరు తల్లుల పేళ్లకు ఎదురుగా కొన్ని యేడులు ఖాళీగా నుండును. ఆ యేట ఆ సీలు ఈనలేదు. నేను దానిని లోపమని తలచితిని కాబోలునని ఆ యువతి నవ్వి, "అది విశ్రాంతి కూడ కావచ్చును. ఒడలు కూడదీసికొన్న తల్లికే బరువైన బిడ్డ పుట్టును. బరువుగా పాలు విడిచిన బిడ్డకే బ్రతుకు ఆశ ఎక్కువ" అని చెప్పెను. కాన్పునకు కాన్పునకు నడుమ ఎడముండవలెనని మన వైద్యులు చెప్పుమాట ఆ మంచులో మరియొకసారి విన్నట్లయినది. తల్లి బాగునకును బిడ్డ బాగునకును నడుమ గోడ లేదు. ఒకటి రెండవదానిలోనుండి వచ్చునదే.

ఆ సాయంకాలము, సూర్యుడు అట్లే ఉండగా, వారు నన్ను మంచుపై చెవి ఆనించి వినుమనిరి. క్రిందినుండి ఈలలు, గులుకులు, పైనుండి క్రిందికి జారిపోవు సన్నని కూతలు వినబడినవి. నీటిలో సీళ్లు ఒకదానినొకటి పిలుచుచున్నవి. రెండు మీటర్ల మంచుక్రింద అంత సంసారము నడచుచున్నదని మీద నిలిచినవానికి తెలియదు. చెవి పెట్టినవానికే తెలియును. ఆ పరిశోధకులు ఏబది యేండ్లకు పైగా చేసిన పని అంతయు ఇట్లు చెవి పెట్టుటయే అని నాకు తోచినది.

సోదరీమణులారా! తల్లి పాల ఋణము తీరదని మన యిండ్లలో అందుము. తీరని ఋణమని చేతులు జోడించి ఊరకుండుట కంటె, ఆ తల్లి ఏమి ఇచ్చినదో కొలిచి, అందులో కొంతయైనను ఆమెకు తిరిగి ఇచ్చుట మేలు. ఇంట బాలింత ఉన్నచో బిడ్డను తూచిన దినముననే తల్లి రక్తమును పరీక్ష చేయింపుడు. పథ్యము పేరిట తోటకూర, మునగాకు, పప్పు, పండు ఆమె విస్తరినుండి తీసివేయకుడు. గర్భిణులకు వలెనే బాలింతలకును 180 దినములు ఇనుప మాత్రలు ఇయ్యవలెనని మన ప్రభుత్వపు ఏర్పాటు కలదు. పురుడు పోయగానే మాత్రల పొట్లమును అటకపై పెట్టుట చాల యిండ్లలో వాడుక. వికారము చేసినచో వైద్యుని అడిగి మార్పించుకొనవలెనే గాని మానరాదు. మెట్టు ఎక్కుచు కోడలు ఆగినచో, కూతురు ఆగినచో, "కాన్పు బలహీనత" అని దాటిపోక, ఆమె రెప్పను ఎత్తి చూడుడు.

మంచులో పడుకొన్న జంతువు కొరకు పరదేశములవారు ఏబది యేండ్లకు పైగా లెక్క వ్రాయుచున్నారు. మన యింటి తల్లి కొరకు మనము ఒక్క పుట వ్రాయలేమా?